పేరు పెట్టి చేసిన ప్రార్థన

“సైటూ లేదు, సిగ్నలూ లేదు. ఆ షాలేమ్ రాజుకి ఆఫ్రికాలో ఇంకో సంసారం ఉంది. ఆరు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇక్కడ అంటూ మూడేళ్ళు తిరిగాడు. ఈసారి ఇటు తిరగలేదు, అంతే” అని నాలుగిళ్ళ అవతలుండే కమలకుమారి అందట. అదీ కెనడాలో వాళ్ళుండే ఊరు సార్నియాలో కాదు. స్కార్‌బరోలో ఎవరిదో పుట్టినరోజుకు వెళ్ళి, చేతిలో పళ్ళెం పట్టుకుని, పెరుగువడ నములుతూ అందట.

అక్కడే ఉన్న సూర్యకుమారి మర్నాడు దయావతికి ఫోన్ చేసి, “నేను చెప్పానని అనకమ్మా, నీ మేలు కోరి చెబుతున్నా” అంటూ ఒక్క ముక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది. దయావతి చేతులు చపాతీపిండిలో ఉన్నాయి గనక ఫోన్ స్పీకర్లో పెట్టింది. పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్న సంతోషం అనే అత్తగారి చెవిన అంతా పడింది.

దయావతి భర్త షాలేమ్ రాజు ఆఫ్రికాలో కిడ్నాప్ కావడం ఆ ఇంటి మీద మొదటి పిడుగు. రెండోది పడటానికి ఆ స్పీకరే కారణం.

సూర్యకుమారి ఫోన్ వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇవాళ శనివారం. అత్తాకోడళ్ళు మాటాడుకుని మూడు రోజులైంది.

దయావతి స్టవ్ దగ్గర ఉప్మా కలుపుతోంది. కలపాల్సిన పని ఎప్పుడో అయిపోయింది. అయినా గరిటె తిరుగుతూనే ఉంది. భోజనాల బల్ల మీద ఫోన్ ఛార్జింగులో ఉంది. పదింటికి అది మోగాలి. గోడ గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది.

బల్లకి ఆ చివర సంతోషం తెల్లచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. ముందు బైబిలు ఉంది, మూసి ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కొవ్వూరు పక్క పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండేళ్ళయినా ఈ దేశపు చలి ఆవిడకి అలవాటు కాలేదు.

“ఆ వీడియో తీయించేసేరా?” అంది, గోడతో మాటాడినట్టు.

“ఒకటి తీయిస్తే నాలుగు వస్తున్నాయి” అంది దయావతి, గరిటెతో మాటాడినట్టు.

“నేను దేవుడికి చెప్పుకున్నానమ్మాయ్. ఊరికి చెప్పలేదు.”

“హాల్లో ఇరవయ్యారుమంది ఉన్నారత్తయ్యా.”

“వాళ్ళు ప్రార్థనకొచ్చేరు.”

“సగంమంది బిర్యానీకొచ్చారు.”

అబద్ధమేమీ కాదది. ఆ ఏడు సార్నియాలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగు పిల్లలే. కాలేజీలో సీటు దొరికింది, ఉండటానికి గది దొరకలేదు, బస్సు గంటకొకటి. శుక్రవారం సాయంత్రం ఈ ఇంట్లో గృహ ప్రార్థన అయ్యాక అన్నం పెడతారని తెలిసి, ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి బుద్ధిగా కూర్చునేవాళ్ళు. సంతోషానికి అది సంబరం. పిల్లలు కడుపునిండా తిని వెళ్తే, ఆమెన్ గట్టిగా అన్నారా లేదా అని ఆవిడ ఎన్నడూ చూడలేదు.

కమలకుమారి మాట చెవినపడ్డ మూడోరోజే అలాంటి శుక్రవారం వచ్చింది. దయావతి వృద్ధాశ్రమంలో సాయంత్రం షిఫ్టుకి వెళ్ళింది. దేవుడి మేలు పదిమందిలో చెప్పుకునే సాక్ష్యానికి సంతోషం లేచి నిలబడింది.

“నా కొడుకుకి ఇంకో ఇల్లు లేదు. వాడున్నది ఇసకలో, గుడారంలో” అని మొదలుపెట్టింది.

పదకొండు నిమిషాలు మాట్లాడింది. షిఫ్టు నుంచి వచ్చిన దయావతికి గిన్నెలన్నీ కడిగి బోర్లించి కనిపించాయి. పిల్లలు ఆమెను చూసి గొంతులు తగ్గించుకున్నారు. ఎందుకో ఆమెకు ఆ రోజు అర్థం కాలేదు. బుధవారం ఈ కేసు చూసే ఒట్టావా ప్రభుత్వ ఆఫీసర్ ఫోన్ చేసి, “మేడమ్, ఒక వీడియో తిరుగుతోంది. మీ ఇంట్లో తీసిందే” అన్నాక అర్థమైంది.

ఆ ఆఫీసర్ మొదటిరోజే చెప్పాడు. పేరు బయటికి రాకూడదు, ఫొటో రాకూడదు, మతం రాకూడదు, కెనడా పాస్‌పోర్ట్ అన్న మాట అసలే రాకూడదు. తొమ్మిది వారాలుగా దయావతి ఆ మాటలు తాయెత్తులా పట్టుకుని బతికింది. ఎవరడిగినా “ఆయన సైట్‌లో ఉన్నారు, సిగ్నల్ లేదు” అంది. అలా అనగా అనగానే కమలకుమారి నోటికి పని దొరికింది.

“ఆవిడ నోరు మూయించడానికి మీ నోరు తెరిచారు” అంది దయావతి.

“మరేం చెయ్యమంటావే? నా కొడుకుని లంజలమారి అంటుంటే చిక్కుళ్ళు తుంచుకుంటా కూర్చోమంటావా?”

“కూర్చోవలసింది.”

“నీకు రోషం లేదు.”

“లేదు” అని ఒప్పుకుంది దయావతి. స్టవ్ ఆపింది. “ఏదీ లేదు నాకు. ఏడుపు కూడా రావట్లేదు.”

బేస్‌మెంట్ మెట్ల తలుపు పక్కన, ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌లో పెట్టాల్సిన కొత్త ఫిల్టర్ గోడకి ఆనించి ఉంది. ఇంటికి వచ్చిన ప్రతిసారీ షాలేమ్ రాజు చేసే మొదటి పని ఫిల్టర్ మార్చడం. అట్ట అంచు మీద అతని చేతిరాతతో, తను తిరిగి రావలసిన తేదీ, ‘సెప్టెంబర్ 9’ అని రాసి ఉంది. ఇప్పుడు అక్టోబరు నెలాఖరు. హీటర్ వెంట్లలోంచి దుమ్ము వస్తోంది. దయావతి రోజూ తుడుస్తోంది, ఫిల్టర్ మాత్రం మార్చడం లేదు.

ఆ తలుపే నెమ్మదిగా తెరుచుకుంది. కింద అద్దెకుండే ఇషిత వచ్చి నిలబడింది. కరీంనగర్ పిల్ల, కాలేజీలో రెండో సెమిస్టరు. మొహం చూస్తే నిద్రపోయినట్టు లేదు.

“ఆంటీ, ఒక్క మాట చెప్పాలె.”

“చెప్పు.”

“ఆ వీడియో ఎవరు తీసిన్రని అందర్ని అడుగుతున్రు గదా.” ఇషిత స్వెట్టర్ చేతుల్లోకి వేళ్ళు లాక్కుంది. “నేనే తీసిన.”

దయావతి ఆ పిల్లవైపు చూసింది. తిట్టడానికి ఒక మాట కోసం వెతికినట్టు, అది దొరకనట్టు చూసింది.

“అమ్మమ్మ మాట్లాడుతుంటే మా నానమ్మ యాదికొచ్చింది ఆంటీ. స్టేటస్ పెట్టిన. ఇరవై నాలుగ్గంటలల్ల పోతది గదా అనుకున్న. ఎవరో డౌన్‌లోడ్ చేసి స్టూడెంట్స్ గ్రూప్‌ల ఏసిన్రు. ఆడికెల్లి ఇండియాల ఏదో యూట్యూబ్ ఛానల్‌కి పోయింది.”

“టిఫిన్ తిన్నావా?”

“లే.”

“ఉప్మా ఉంది. పెట్టుకో.”

ఇషిత కదల్లేదు. “తిట్టుండ్రి ఆంటీ. గిట్ల ఉప్మా పెట్టకుండ్రి.”

“పెట్టుకో అన్నానా” అంది దయావతి, అదే గొంతుతో.

“నువ్వేం చేసేవులేమ్మా” అంది సంతోషం. “నీ చేతిలో ఫోన్ ఉందంతే. పాపం చేసింది పెరుగువడ తిన్న నోరు.”

“అత్తయ్యా, ఆవిడ అబద్ధం చెప్పింది. దానివల్ల మన మొహాలు మాడాయి, అంతే. మీరు నిజం చెప్పారు. దానివల్ల అక్కడ ప్రాణాలు పోతాయి.”

సంతోషం బైబిలు దగ్గరికి లాక్కుంది. అట్ట తిప్పి మొదటి ఖాళీ పేజీలో వేలు పెట్టింది. అక్కడ పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాల్లో రాసుకున్న పేరు ఉంది. ఇల్యాస్ అగ్ మూసా.

వాళ్ళ పల్లె సంఘంలో ప్రార్థనకి ఒక పద్ధతుంది. ఎవరో జబ్బు మనిషి కోసం అని గాలికి చెప్పకూడదు. పేరు చెప్పాలి, ఏ ఇంటి మనిషో చెప్పాలి, ఏ కష్టమో చెప్పాలి, వాళ్ళు మనకు చేసిన మేలు చెప్పాలి. అరవై ఏళ్ళుగా సంతోషం అలాగే మోకరించింది. మనవరాలి చేత ఆ పేరు పదిసార్లు పలికించుకుని, నాలుక తిరిగేదాకా వల్లె వేసి రాసుకుంది. సాక్ష్యంలో ఆ పేరు నాలుగుసార్లు చెప్పింది.

ఇల్యాస్ షాలేమ్ రాజు కారు డ్రైవరు. ఎడారి మనిషి, తువారెగ్ తెగవాడు. పదకొండేళ్ళ కిందట తమవాళ్ళకంటూ ఒక దేశం కావాలని తుపాకీ పట్టాడు. ఊళ్ళు గెలిచారు, జెండా ఎత్తారు. నెలలు తిరక్కుండానే మతం పేరిట తుపాకీ పట్టిన నల్లజెండా వాళ్ళు వచ్చి ఆ ఊళ్ళనే లాక్కున్నారు. పాట కూడదన్నారు. అతని భార్య ఫాదిమాతా పాఠాలు చెప్పే బడి మూసేశారు. ఇల్యాస్ తుపాకీ పారేసి స్టీరింగ్ పట్టాడు. అతని పినతల్లి కొడుకు మాత్రం నల్లజెండా కిందికి పోయాడు.

ఆ జెండా మాలి దేశం ఉత్తరాన మొదలై ఏటా కొంత కిందికి దిగుతూ, పక్కనున్న బుర్కినాలోకి, నైజర్‌లోకి పాకుతూ, చివరికి షాలేమ్ రాజు పవర్‌హౌస్ నడిపే బంగారు గని దారి మీదికీ వచ్చింది. ఆగస్టు చివర్లో ఆ దారిలో ఆరు మోటార్‌సైకిళ్ళు కారుకి అడ్డం తిరిగాయి.

అవి దగ్గరికొచ్చేలోపు ఇల్యాస్ చేసిన పని ఒకటే. షాలేమ్ రాజు కెనడా పాస్‌పోర్ట్ లాక్కుని స్టెప్నీ టైరు లోపలికి తోసేశాడు. “వీడు ఇండియా వంటవాడు. అన్నం వార్చడం తప్ప ఏమీ రాదు. వీడి కోసం ఎవరూ రారు” అని వాళ్ళ భాషలో వాళ్ళకి చెప్పాడు. ఇద్దరినీ ఒకే గుడారంలో పెట్టారు. పినతల్లి కొడుకు చాటుగా ఫోన్ చేసి ఫాదిమాతాకి కబురు చెబుతాడు. ఫాదిమాతా సరిహద్దు అవతల శరణార్థుల శిబిరం నుంచి ప్రతి శనివారం ఈ ఇంటికి ఫోన్ చేస్తుంది. ఈ ఇంటికి ఆ గుడారానికి మధ్య ఉన్న దారం ఆవిడొక్కతే.

“ఇల్యాస్ తమ్ముడు వాళ్ళలో ఎందుకున్నాడని మొదట్లో అడిగేవాళ్ళు మీరు” అంది సంతోషం, కోడలితోనో బైబిల్లో రాసుకున్న ఆ పేరుతోనో తెలియకుండా. “నేనడగలేదు. మా పెద్దన్న అన్నలతో అడివికి పోయేడు. మా చిన్నాన్న కొడుకు పోలీసుల్లో చేరేడు. మా అమ్మ ఇద్దరికీ ఒకే కుండలో అన్నం వండేది.”

ఇషిత నిలబడే రెండు ముద్దలు తింది.

పదికి ఐదు నిమిషాలుండగా దయావతి కూతురు ఏనీ పుస్తకం, పెన్సిల్ పట్టుకుని మేడ మీద నుంచి దిగింది. పదిహేడేళ్ళు. చిన్నప్పటి నుంచి ఫ్రెంచ్ బడిలో చదివించారు. రేపు ప్రభుత్వ ఉద్యోగానికి పనికొస్తుందని తండ్రి పట్టుబట్టి చేర్పించాడు. ఇప్పుడు ఫాదిమాతాతో మాట్లాడటానికి ఆ ఫ్రెంచ్ అతని కోసమే పనికొస్తోంది.

“మామ్, డిడ్ యు స్లీప్?”

“ఆఫీసర్ చెప్పింది గుర్తుందిగా?” అంది దయావతి. “వీడియో సంగతి ఫాదిమాతా అడిగితే మనకేం తెలియదు. అదొక్కటే చెప్పు.”

“దట్స్ ఎ లై.”

“అవును.”

“ఆవిడతో అబద్ధమా?” సంతోషం తలెత్తింది. “తన మొగుడు మనవాడికి అడ్డం పడ్డాడు. ఆ ఇల్లాలితోనా?”

“అత్తయ్యా, ఫోన్ వచ్చినప్పుడు మీరు మాటాడొద్దు. దణ్ణం పెడతాను.”

దణ్ణం మాత్రం పెట్టలేదు. చేతులు అలా వేలాడుతూనే ఉన్నాయి.

పది దాటి నాలుగు నిమిషాలకి ఫోన్ మోగింది. ఏనీ స్పీకర్ నొక్కింది. గాలి చప్పుడు, ఎక్కడో మేక అరుపు, ఆ తర్వాత ఫాదిమాతా గొంతు. బళ్ళో పాఠం చెప్పినట్టు నింపాదిగా, విడివిడిగా మాట్లాడుతుంది. ప్రతివారం ముందుగా అందరి ఆరోగ్యం అడిగేది. ఇవాళ అడగలేదు.

ముగ్గురూ ఏనీ మొహం చూస్తున్నారు. భాష రానివాళ్ళకి ఆ మొహమే తర్జుమా.

“డాడీ బానే ఉన్నాడు” అంది ఏనీ. “అంటే, మండే దాకా.”

“తర్వాత?”

ఏనీ వింటోంది. పెన్సిల్ పుస్తకం మీద ఆగిపోయింది. “వాళ్ళ దగ్గర ఒక వీడియో ఉందట. వైట్ శారీ కట్టుకున్న ఓల్డ్ లేడీ. ఏడుస్తా మాట్లాడుతుందట.”

ఇషిత ప్లేటు సింకులో పెట్టబోయి చేతిలోనే ఉంచుకుంది.

“వాళ్ళకి తెలుగు రాదుగా!” సంతోషం గొంతు తగ్గించే ప్రయత్నం చేసింది. “ఏం అర్థమవుద్దే వాళ్ళకి?”

“అర్థం కాలేదు మామ్మా. అందుకే డాడీకి చూపించారు. ఏం చెబుతుందో చెప్పమన్నారు.”

“వాడు నన్ను చూసేడా?”

ఆ క్షణం ముసలావిడ మొహంలో కనిపించిన వెలుగు చూడలేక దయావతి కిటికీ వైపు తిరిగింది.

“చూశాడు. త్రీ టైమ్స్. ప్లే చేసి, ఆపి, మళ్ళీ ప్లే చేసి.”

“ఏం చెప్పేడు?”

“మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, డాక్టర్ మందులు ఇచ్చాడు, చలి ఎక్కువగా ఉంది, అదే చెబుతుంది అన్నాడట.”

సంతోషం తన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. నొప్పులు నిజమే.

“నమ్మారా?” అంది దయావతి.

ఏనీ ఫ్రెంచ్‌లో అడిగింది. జవాబు పొడుగ్గా వచ్చింది. మధ్యలో గాలి రెండుసార్లు మింగేసింది. వినడం అయ్యాక ఏనీ పుస్తకంలో ఏదో రాసుకుంది.

“ఏనీ.”

“కొన్ని వర్డ్స్ వాళ్ళకి తెలిశాయి. కెనడా. పాస్‌పోర్ట్. టైర్. అవన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్పింది కదా మామ్మ.” ఏనీ నానమ్మ వైపు చూడలేదు. “ఇంకా ఇల్యాస్ అంకుల్ ఫుల్ నేమ్. మోకాళ్ళ నొప్పిలో మీ డ్రైవర్ పేరెందుకొచ్చింది అని డాడీని అడిగారట. డాడీ ఏం మాట్లాడలేదట.”

సంతోషానికి ఇంగ్లిష్ రాదు. ఈ ఇంట్లో రెండేళ్ళుగా విన్న మాటలే ఆవిడ నోటికి వచ్చాయి. పాస్‌పోర్ట్‌ని ఇంకో మాటతో ఎవరైనా అనగా ఆవిడ విననే లేదు.

“మరి ఇల్యాస్?” దయావతి అడిగింది.

“మంగళవారం ఆ టెంట్‌లోంచి తీసుకెళ్ళారట. అంకుల్ ఒక్కడినే. తర్వాత ఆ కజిన్ ఫోన్ ఆఫ్.”

ఫాదిమాతా మళ్ళీ ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. ఏనీ ఫోన్ మీద అరచెయ్యి మూసింది.

“ఆ వీడియోలో ఉన్నావిడ మీ ఇంట్లో మనిషేనా అంటోంది. వాట్ డు ఐ సే?”

“తెలియదని చెప్పు” అంది దయావతి.

“మామ్.”

“చెప్పు.”

ఏనీ చెయ్యి తీసి రెండు ముక్కలు అంది.

ఏమందో సంతోషానికి భాష రాకపోయినా తెలిసింది. “వద్దే! అబద్ధమాడొద్దు! ఆ తల్లి మొగుణ్ణి తీసుకుపోయేరంటే ఇంకా అబద్ధమా?” అని బల్ల మీద చేత్తో కొట్టి అరిచింది.

ఆ అరుపు ఫోన్‌లో అవతలికి చేరింది.

తర్వాత ఫాదిమాతా ఒక్క వాక్యం అంది. ఏనీ దాన్ని ముందు ఇంగ్లిష్‌లో తనకు తాను అనుకుని, తర్వాత తెలుగులోకి తెచ్చింది.

“ఆ గొంతు ఇదే అంటోంది. వీడియో తన దగ్గర కూడా ఉందట.”

దయావతి కుర్చీ లాక్కుని కూర్చుంది. భయపడాలని ఆమెకు తెలుసు. ఆ భయం ఎక్కడో పక్కగదిలో ఉన్నట్టుంది. ఆ గదికి లేచి వెళ్ళే ఓపిక లేదు.

సంతోషం ఫోన్ తన దగ్గరికి లాక్కుంది. ఛార్జర్ తీగ ఉప్మా గిన్నెకి తగిలి గరిటె కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

“అమ్మా ఫాదిమాతా, నేనమ్మా. షాలేమ్ తల్లిని. సంతోషాన్ని” అంది, తెలుగులోనే, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా. “నా గొంతే అది. నీ మొగుడు నా బిడ్డని కాపాడేడు. ఆ సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించలేదమ్మా. అందుకే పేరు పెట్టి దేవుడికి చెప్పేను. రోజూ చెబుతున్నాను. పొద్దున్న, సాయంత్రం. నా కొడుకు పేరు కంటే ముందు నీ పెనిమిటి పేరే చెబుతున్నాను.” మనవరాలి వైపు తిరిగింది. “చెప్పవే. ఒక్క మాట వదలకుండా చెప్పు.”

“మామ్మా, ప్లీజ్.”

“చెప్పు.”

ఏనీ తల్లి వైపు చూసింది. దయావతి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఏనీ చెప్పింది. మధ్యలో ఒకచోట మాట తడబడింది. దాన్ని సరిచేసుకుని మళ్ళీ చెప్పింది.

అవతల గాలి వీస్తూనే ఉంది. ఆవిడ ఏడుస్తుందేమోనని సంతోషం చెవి ఫోన్‌కి దగ్గరగా పెట్టింది. ఏడుపు వినబడలేదు. వచ్చిన జవాబు ఏ తొందరా లేకుండా, పిల్లలకి డిక్టేషన్ ఇచ్చినట్టు వచ్చింది.

“ఏమందే?” అంది సంతోషం.

ఏనీ పుస్తకం మూసింది. పెన్సిల్ దాని మీద పెట్టింది. ఇన్ని వారాల్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క కలవకుండా ఆ పిల్ల నోట వచ్చిన మాట అదే.

“దేవుడికి ముందే తెలుసు గదా, తెలియనిది వాళ్ళకే, అంటోంది.”

అవతల ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.